ఎవలు రాసిండ్రో జెప్పు?

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బస్సుకు స్టెప్నీ టైరు ఎట్లనో పాటల కాక కూడా అట్లనే. వాడినా వాడకపోయినా బండిలో ఒకటి ఉండాల్సిందే. ఈయన ఒక్క మనిషి కాదు, ఒక రకం. ఈ బస్సులో దొరకకపోతే తర్వాతి బస్సులో దొరుకుతాడు. బస్సులే బంద్ అయిన రోజు చాయ్ హోటల్లో దొరుకుతాడు.

ఎవరి ఫోన్లోనో పాత పాట మొదలైతే చాలు, ఇంకా వయొలిన్లు సర్దుకోకముందే కాక తొడ చరుస్తాడు. "ఎవలు రాసిండ్రో జెప్పు?" పల్లవి వచ్చేసరికి "సంగీతమెవలిది?" చరణం మొదలయ్యేసరికి "ఏ సాల్ల వచ్చింది సినిమా?" పాట అయిపోతుంది. బస్సులో ఎవరూ విన్నది లేదు. నా అనుమానం, ఆయన కూడా జీవితంలో ఒక్క పాటైనా చివరిదాకా విని ఉండడు.

కొత్త ముఖం కనిపిస్తే ముందు చిన్న పరీక్ష పెడతాడు. ఎక్కడికి పోతున్నవని అడుగుతాడు. మీరు ఎల్లారెడ్డి అంటారు. "ఏ ఎల్లారెడ్డి?" అంటాడు. సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి ఉంది, సిరిసిల్ల దిక్కున ఎల్లారెడ్డిపేట ఉంది. టికెట్ చేతిలోనే ఉన్నా మీకు క్షణంపాటు మీ ఊరి మీదే అనుమానం వస్తుంది. ఆ క్షణం చాలు. ఇక లింగంపేట దాటేదాకా మీరు ఆయన సొత్తు.

ఆయన బ్రహ్మాస్త్రం 'మాయాబజార్'. 1957 సినిమా. సంగీతం ఎవరిదని అడుగుతాడు. ఘంటసాల అన్నారనుకోండి, జాలిగా నవ్వుతాడు. "అందరు గట్లనే అంటరు. మొదలు వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. నడుమల ఆయన తప్పుకుంటే మిగిలింది ఘంటసాల పూర్తి చేసిండు." సరే, ఇంకో రోజు ఇంకో బస్సులో అదే ప్రశ్న వచ్చినప్పుడు తెలివిగా రాజేశ్వరరావు అన్నారనుకోండి. "తెర మీద ఎవల పేరు పడ్డది? ఘంటసాలది గాదా? సినిమా సూశినవా అసలు?" రెండు జవాబులూ తప్పే. రెండూ చెబితే "ఒక్కటి జెప్పు" అంటాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు మౌనం ఒక్కటేనని రోజూ తిరిగే కండక్టరమ్మకు తెలుసు. అందుకే ఆమెను అడగడు.

జ్ఞాపకశక్తికి మాత్రం దండం పెట్టాలి. 2016లో గిన్నిస్ వాళ్లు పి. సుశీల పేరిట ఎన్ని పాటలు లెక్క రాశారంటే, 17,695 అని ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. బాలు తొలి సినిమా 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' అనీ, అవకాశమిచ్చిన కోదండపాణి పేరే బాలు తన రికార్డింగ్ థియేటర్‌కు పెట్టుకున్నాడనీ చెబుతూ నిజంగానే కళ్లు తుడుచుకుంటాడు. ఇంత తెలిసిన మనిషి ఇంటికాడ చెప్పిన ఉల్లిగడ్డలు తేవడం మాత్రం ప్రతిసారీ మరిచిపోతాడు. కొడుకు ఏం చదువుతున్నాడని అడిగితే "డిగ్రీనో ఏదో" అంటాడు.

అసలు చిక్కు 2016 అక్టోబర్ 11న వచ్చింది. అంతదాకా కాకకు ఉమ్మడి నిజామాబాద్ జిల్లా అంతా సొంత ఖజానా. దాశరథిని బంధించిన ఖిల్లా జైలు మనది, దిల్ రాజు ఊరు నర్సింగ్‌పల్లి మనది, నితిన్ మనోడు. ఆ రోజు కామారెడ్డి వేరే జిల్లా అయింది. ఊరంతా కలెక్టరేట్ వచ్చిందని పటాకులు కాలుస్తుంటే, కాక ఒక్కడు ఆస్తుల పంపకం లెక్క చూసుకుని కుంగిపోయాడు. జైలూ, నిర్మాతా, హీరో ముగ్గురూ అటే పోయారు. మన వాటాకేమొచ్చింది?

మరుసటి ఏడు 'ఫిదా' వచ్చి ఆదుకుంది. ఆ సినిమా కథ జరిగే బాన్సువాడ కొత్త జిల్లాలోనే పడింది కదా, ఇక చూసుకోండి. శేఖర్ కమ్ముల, సాయిపల్లవి, సుద్దాల అశోక్‌తేజ అందరినీ కామారెడ్డి రికార్డుల్లోకి ఎక్కించేశాడు. నిర్మాత దిల్ రాజే కాబట్టి పోయిన ఆస్తి కూడా సగం వాపసు వచ్చినట్టే అనుకున్నాడు.

ఆ ఊపు మీదుండగానే ముందు సీట్లోంచి కాలేజీ పిల్ల ఒకతె ఇయర్‌ఫోన్ తీసి అడిగింది. "గా ఫిదాల మధుప్రియతోటి కలిసి పాడిందెవలు కాకా?"

కాక కిటికీ బయటికి చూశాడు. "గిప్పటియి పాటలేనా బిడ్డా?"

"గిప్పుడే గదా మన జిల్లా సినిమా అంటివి!"

పిల్ల రాంకీ అని చెప్పేసరికి "గదే, నేను జెప్దమనుకున్న" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయన వెంటనే రాజకీయాల్లోకి దూకాడు. 2023లో కేసీఆర్‌నీ రేవంత్ రెడ్డినీ ఒకే సీట్లో ఓడగొట్టిన ఊరేదని అడిగాడు. ఆ ఊళ్లోనే బస్సెక్కిన వాళ్లను అడగడం ధర్మమేనా అంటే, గెలవాలనుకున్నప్పుడు ధర్మం చూడడు.

ఇంతకూ ఈ మనిషి మీద నాకెందుకు కోపం రాదంటే, ఒక కారణముంది. 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రోజుల్లో ఎవరికొచ్చిందని బస్సులో లొల్లి నడిచింది. ఒకరు రాజమౌళి అన్నారు, ఒకరు ఎన్టీఆర్, రామ్‌చరణ్ అన్నారు, మనోడేనని ఇంకొకరు రాహుల్ సిప్లిగంజ్ అన్నారు. కాక అందరినీ కూర్చోబెట్టాడు. "వరస కట్టిన కీరవాణికి, రాసిన చంద్రబోస్‌కు. ఎగిరినోళ్లకు గాదు, తీసినోళ్లకు గాదు, పాడినోళ్లకు గూడ గాదు." హీరో పేరుతోనే పాటను గుర్తుపెట్టుకునే మన దేశంలో, ముందుగా రాసినవాడి పేరు అడిగేది ఈ ఒక్క మనిషే. అడిగే తీరు పోలీసుల తీరే అయినా, అడుగుతున్నాడు.

మొన్న ఎల్లారెడ్డిలో ఒక బరాత్. డీజే పెట్టె మీద యూట్యూబ్ జానపదం మోగుతోంది, పెండ్లిపిల్లగాడితో సహా అందరూ ఎగురుతున్నారు. కాక గుంపును తోసుకుంటూ డీజే పోరగాడి దగ్గరికి పోయి, చెవిలో అరిచాడు.

"ఎవలు రాసిండ్రు గీ పాట?"

"ఏమో కాకా, పెన్‌డ్రైవ్‌ల ఉండె."

కాక జేబులోంచి డైరీ తీశాడు.

"పెన్‌డ్రైవ్ ఎవలిది?"