పోయింది మనది, జమ సర్కారుకు!

ఏదో కంపెనీ సర్వరుకు కన్నం పడి మీ ఫోన్ నంబరు, పాన్, ఆసుపత్రి రిపోర్టులు టెలిగ్రామ్ సంతకెక్కాయనుకోండి. కంపెనీ నుంచి తీరిగ్గా ఓ మెయిల్ వస్తుంది: మీ గోప్యతే మాకు ప్రాణం, దయచేసి పాస్‌వర్డ్ మార్చుకోండి! సరే, మార్చుకుంటాం. మరి పుట్టినతేదీని ఎలా మార్చుకోవాలట?

2023 డేటా రక్షణ చట్టం మాత్రం ఉరుముతోంది. భద్రత గాలికొదిలేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా! అందులో మీ వాటా ఎంతని వేళ్లు మడవకండి. పైసలతో సహా కేంద్రం సంఘటిత నిధికే జమ. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది కదూ? పైగా మీరు తప్పుడు ఫిర్యాదు చేశారని తేలితే 10 వేల దాకా మీకే వడ్డన.

బాధితుడికి పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఎ సెక్షన్ ఒకటుండేది. ఉండేది అనకూడదు, ఇంకా ఉంది. 2023 చట్టంలో దాన్ని పీకేసే నిబంధన, పైన చెప్పిన జరిమానాల్లాగే, 2025 నవంబరు నోటిఫికేషన్ నుంచి 18 నెలలకు అమల్లోకొస్తుంది. అందాకా 5 కోట్ల లోపు పరిహారం కోసం రాష్ట్ర ఐటీ కార్యదర్శికి అర్జీ పెట్టుకోవచ్చు. కంపెనీలకు ఎర్రతివాచీ పరిచేదీ ఆ శాఖే, అది వేరే సంగతి.

డబ్బు కట్టి సేవ కొన్నవారికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఆ సానుభూతి మెయిల్‌ను మాత్రం డిలీట్ చేయకండి. కంపెనీ తన చేత్తో రాసిచ్చిన సాక్ష్యం అదొక్కటే.