మా వీధిని ఏ సర్వర్‌కి తోలారు సారూ?

మహారాజశ్రీ కేబుల్ కంపెనీ ప్రసార కేంద్రం (హెడ్‌ఎండ్) అధికారి గారి దివ్యసముఖమునకు, పెన్సిల్వేనియాలో ఓ చిన్న ఊరి చందాదారు 2024 జనవరిలో రాసుకున్న విన్నపం. ఇక్కడ మేము క్షేమం. ఛానెళ్ళకి జాగా పంచే మీ కొత్త రిసోర్స్ మేనేజర్ సర్వర్ కూడా క్షేమమని తలుస్తాను. పాతదాని మీద బరువెక్కువైందనీ, మా వీధి ఉన్న సర్వీస్ గ్రూపుని గురువారం అర్ధరాత్రి కొత్తదాని కిందికి మార్చారనీ మీ టెక్నీషియన్ నోరుజారితే తెలిసింది. మార్చుకోండి, వద్దనడానికి మేమెవరం? కానీ ఆ రాత్రే దొరికిందా సారూ మీకు?

హైదరాబాద్ ఉప్పల్‌లో ఇంగ్లండ్‌తో మనవాళ్ళ టెస్టు మ్యాచ్, రెండో రోజు. అక్కడ పొద్దున తొమ్మిదిన్నరకి మొదటి బంతి పడితే మాకిక్కడ రాత్రి పదకొండు. ఆట ముగిసేసరికి తెల్లవారుజామున ఆరు. మీ మెయింటెనెన్స్ వేళలు పన్నెండు నుంచి ఆరు. పంతులుగారు ముహూర్తం పెట్టినా ఇంత చక్కగా కుదరదు. లంచ్ బ్రేక్‌లో మా నాన్నగారు, రేపు మంచు పడుతుందేమో చూద్దామని వాతావరణం ఛానెల్ పెట్టారు. తిరిగి మ్యాచ్‌కి వస్తే తెర మీద ఒకటే మాట: ఈ ఛానెల్ ప్రస్తుతం అందుబాటులో లేదు, కాసేపాగి ప్రయత్నించండి. కాసేపాగాం. ఇంకాసేపాగాం. మన కె.ఎల్. రాహుల్ 86 దగ్గర అవుటైన సంగతి ఫోన్‌లో చదువుకున్నాం. ఉంగరాలూ గొలుసులూ అమ్మే ఛానెల్ మాత్రం రాత్రంతా నిక్షేపంలా వచ్చింది.

ఎందుకు రాదూ? దాన్ని ఎవరు చూసినా చూడకపోయినా మీరు పంపుతూనే ఉంటారు. మాది అడిగితేనే వచ్చే ఛానెల్. బాక్స్ సర్వర్‌ని అడగాలి, సర్వర్, ఛానెళ్ళని తీగ మీదికెక్కించే క్వామ్ యంత్రంలో జాగా చూసి ఫ్రీక్వెన్సీ చెప్పాలి. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఉండే ఆరు మెగాహెర్ట్‌జ్‌లో పట్టేది 38 మెగాబిట్ల పైచిలుకే, పాత పద్ధతి హెచ్‌డీ ఛానెళ్ళు రెండో మూడో ఇరికించడానికే సరిపోతుంది గనక ఈ పొదుపు. పొదుపుని నేను కాదనను. కానీ క్వామ్‌లని కొత్త సర్వర్ చేతిలో పెట్టి, బాక్సులకి పాత సర్వర్ చిరునామానే వదిలేస్తే అవి ఎవర్ని అడుక్కోవాలండీ? కస్టమర్ కేర్ అమ్మాయి ప్లగ్ పీకి పెట్టమంది. పీకి పెట్టాం. బాక్స్ లేచి, మళ్ళీ ఆ పాత చిరునామా ఉన్న ఫైలే చదువుకుంది.

మార్చాక పరీక్షించలేదా అంటే, పరీక్షించే ఉంటారు. జనం ఎగబడి చూసే ఛానెల్ ఏదో పెట్టి, "వచ్చేసింది" అనుకుని ఇంటికెళ్ళి పడుకుని ఉంటారు. వస్తుంది మరి! వీధిలో అప్పటికే ఎవరో చూస్తున్న ఛానెలైతే సర్వర్‌ని అడిగే పనే లేదు. అది ఎక్కడుందో, బాక్సులన్నిటికీ తిప్పి తిప్పి పంపే మినీ కెరొసెల్ అనే జాబితాలో రాసే ఉంటుంది, బాక్స్ నేరుగా వెళ్ళి పట్టుకుంటుంది. సర్వర్ మూర్ఛపోయినా ఆ బొమ్మ ఆగదు. నేనూ నెట్‌వర్కుల మీదే తిండి తింటున్నాను. నా కింద కుర్రాడెవడైనా ఈ పరీక్ష చేసి పాసైందని రాస్తే ఏమనేవాణ్ణో ఇక్కడ రాయడం మర్యాద కాదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా బావమరిదికి ఈ బాధ లేదు, అక్కడ ఏ ఇంట్లో చూసినా క్రికెట్టే. మా గ్రూపులో మనవాళ్ళం మేమొక్కళ్ళమే.

బాక్సుకి అద్దె, బ్రాడ్‌కాస్ట్ ఫీజు, స్పోర్ట్స్ ఫీజు, ఆపైన అంతర్జాతీయ ప్యాకేజీ. మీరెన్ని సర్వర్లు మార్చినా ఆ బిల్లు మాత్రం దారి తప్పకుండా మా ఇంటికే వస్తుంది!

సరే, కోపం దిగమింగి బతిమాలుకుంటున్నా. ముందు ఒక్క చిన్న గ్రూపుని మార్చి చూడండి. ఎవరూ చూడని ఛానెల్ పెట్టి పరీక్షించండి. తేడా వస్తే ఆ రాత్రే పాత సర్వర్‌కి తిప్పుకునే దారి ఉంచుకోండి. ఇవేవీ కుదరవంటే ఒక్కటే మనవి. రెండో టెస్టు విశాఖలో, ఫిబ్రవరి 2న. అంటే మీకు ముందు రోజు, గురువారం రాత్రి పదకొండు. ఆ ఐదు రాత్రులూ మా గ్రూపు జోలికి రాకండి సార్.