దయ్యాలు నేర్పే ఇంగ్లిషు

పరాయి భాషను పిల్లలకు పండుగలు, కథలు, ఆటల మీదుగా నేర్పవచ్చునన్న సిద్ధాంతం కొత్తదీ కాదు, తప్పుదీ కాదు. అయితే ఆ సిద్ధాంతం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు చేరి, ఎండాకాలంలో అడ్మిషన్ల ఋతువు మొదలుకాగానే కరెంటు స్తంభాలకు వేలాడే ఫ్లెక్సీల మీద 'ఆటపాటలతో ఇంగ్లిషు' అన్న హామీగా మారేసరికి, దాని అవయవాలన్నీ యథాస్థానంలో ఉండి ప్రాణం మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. ప్లేవే పద్ధతి అంటే, పిల్లవాడు తన ఇష్టంతో ఆడుకునే ఆటలో భాష అతనికి తెలియకుండానే నాలుకకెక్కేటట్లు చూడటమని విద్యాశాస్త్రం చెబుతుంది. ఈ మూడు పట్టణాల్లోని పలు ప్రైవేటు బడుల కరస్పాండెంట్లు ఆచరణలో స్థిరపరచిన నిర్వచనం ఇంతకంటే స్పష్టమైనది: నిర్ణీత తేదీన, నిర్ణీత రంగు దుస్తుల్లో, తల్లిదండ్రుల సొంత ఖర్చుతో పిల్లవాడిని నిలబెట్టి, ఫోటో తీసి, సాయంత్రంలోగా వాట్సాప్ గ్రూపులో పెట్టడమే ప్లేవే.

ఈ పద్ధతికి మూలస్తంభం రంగుల దినాలు. 'ఎల్లో డే' నాడు ఎల్‌కేజీ పిల్ల పసుపు గౌను తొడుక్కొని, పసుపు రిబ్బను కట్టుకొని, డబ్బాలో పసుపు పులిహోరతోనో అరటిపండుతోనో బడికి రావాలని ముందురోజు రాత్రి సమాచారం అందుతుంది. అందిన మరుక్షణం ఆ ఇంట్లో తల్లి బీరువా వెతకడం, తండ్రి షట్టరు దించుతున్న బట్టల దుకాణానికి పరుగెత్తడం, ఎదురింటి వాళ్ల గౌను అరువుకు అడగడం వంటి బహుముఖ కార్యకలాపాలు జరిగి, మర్నాడు మధ్యాహ్నానికి ఆ పిల్ల ఒక విశేషణం నేర్చుకొని వస్తుంది. ఇంటిల్లిపాదీ శ్రమించి ఒక్క మాట సంపాదించే ఈ ఏర్పాటులో ఇంగ్లిషు నిఘంటువు మొత్తం పూర్తికావడానికి ఎన్ని గౌన్లు పడతాయో లెక్క కట్టే ధైర్యం ఇంతవరకు ఎవరూ చేయలేదు. అంతకంటే విచిత్రం, పసుపు అన్న రంగును ఆ పిల్ల ఇంటి గడపకు పెట్టిన పసుపులో, తంగేడు పువ్వులో, కుంకుమ భరిణె పక్కనున్న గిన్నెలో పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉండటం. ఆ తెలిసిన రంగు పక్కన కొత్త పేరు పెట్టడానికి ఒక్క నిమిషం చాలు, కానీ ఆ నిమిషం ఫోటోలో పడదు.

డిసెంబరు వచ్చేసరికి పద్ధతి మరింత శాస్త్రీయమవుతుంది. మే నెలలో రోళ్లు పగిలే సూర్యాపేటలో మంచు బొమ్మ నిలబడాలి కనుక, చుట్టుపక్కల చేలలో పండిన పత్తే మంచు అవతారమెత్తి, ఆ పత్తి ఏరిన కూలీల పిల్లలకే 'స్నో' అన్న మాట నేర్పుతుంది. ఇక్కడ ఒక్క సంగతి విడిచిపెట్టరాదు. క్రిస్మస్ ఈ ప్రాంతానికి పరాయి పండుగ కాదు; వాడల్లో చర్చీలున్నాయి, ఇళ్లమీద నక్షత్రాలు వెలుగుతాయి, తెలుగులో కీర్తనలు పాడుకునే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలు అదే తరగతిలో కూర్చొని ఉంటారు. పండుగ ద్వారా భాష నేర్పడమే నిజమైన ఉద్దేశమైతే, ఆ పండుగ తెలిసిన పిల్లను లేపి నిలబెట్టి 'మీ ఇంట్లో ఏం చేస్తారు' అని అడగటం పాఠానికి మొదటి మెట్టు కావాలి. కానీ ఆమె తెలుగులో చెబుతుందేమోనన్న భయం కొద్దీ ఎవరూ అడగరు. దూది గడ్డం అంటించుకున్న యూకేజీ సాంటా మూడు వాక్యాలు వల్లించి, నాలుగో వాక్యం దగ్గర ఏడ్చి, చాక్లెట్ల పొట్లంతో దిగిపోతాడు.

హైదరాబాదు ప్లేస్కూళ్లలో కుదురుకొని, జాతీయ రహదారి 65 మీదుగా ఈ వైపు దిగుతున్న హాలోవీన్‌ను ప్రత్యేకంగా పరిశీలించాలి. ఇది నవంబరు 1న వచ్చే సర్వపవిత్రుల దినానికి ముందటి రాత్రి, అంటే అక్టోబరు 31న, ఐర్లండు, స్కాట్లండు ప్రజలు పాటించిన ఆచారం. వలస వెళ్లినవారితో అమెరికా చేరి, అక్కడ గుమ్మడికాయను తొలిచి దీపం పెట్టడంగా, పిల్లలు దయ్యాల వేషాల్లో ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడగటంగా స్థిరపడింది. చనిపోయినవారి ఆత్మలు ఆ రాత్రి తిరుగుతాయన్న నమ్మకం దీని వెనుక ఉంది. ఈ సంగతి ఒక ఐదేళ్ల కోదాడ పిల్లవాడికి అర్థమయ్యేట్టు చెప్పాలంటే పెద్ద కష్టమేమీ లేదు: పెత్రమాస నాడు ఇంట్లో పెద్దలకు బియ్యం ఇవ్వడం అతడు చూశాడు, కట్టుబడిలో ఉన్న మేడకు వేలాడే కోరమీసాల దిష్టిబొమ్మను చూశాడు, కొత్త ఇంటి గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయనూ చూశాడు. ఈ మూడింటినీ కలిపి రెండు మాటలు చెబితే హాలోవీన్ సారాంశం చేతికందుతుంది. అయితే ఆ రెండు మాటలు తెలుగులో చెప్పాలి, తెలుగేమో తరగతి గదిలో నిషిద్ధం. ఇంగ్లిషులో చెబితే అర్థం కాదు, అర్థమయ్యే ఇంగ్లిషు వచ్చిన పిల్లవాడికి ఈ పాఠమే అక్కర్లేదు. ఈ చిక్కుముడిని విప్పడానికి బడులు కనిపెట్టిన మార్గం అసలేమీ చెప్పకపోవడం. ఫలితంగా పిల్లవాడు ఎందుకో తెలియకుండా దయ్యమై, ఎవరిని భయపెట్టాలో తెలియక తానే భయపడి, నల్ల ముసుగులో చెమటలు కక్కి, సాయంత్రం మళ్లీ మనిషై ఇంటికి చేరతాడు.

వేషం కట్టి గుంపుగా ఇంటింటికీ తిరిగి పిల్లలు పాట పాడి ఏదో ఒకటి రాబట్టుకోవడం ఈ నేలకు తెలియని విద్య అన్నట్టు దాన్ని అమెరికా నుంచి తెప్పించడంలో ఉన్న హాస్యం జాజిరి తెలిసినవారికే పూర్తిగా అందుతుంది. జాజిరి అంటే ఫాల్గుణ మాసంలో, కాముని పున్నమికి ముందటి వెన్నెల రాత్రుల్లో, తెలంగాణ పల్లెల్లో పిల్లలు కోలలు పట్టుకొని గడపగడపకూ వెళ్లి పాడి, వడ్లో జొన్నలో చిల్లర డబ్బులో అడిగి తీసుకునే ఆట. ఇందులో భాషాబోధనకు కావలసిన సామగ్రి అంతా ఉంది: ఒకడు ముందు పాడతాడు, మిగతావాళ్లు అందుకుంటారు, పల్లవి ఎన్నోసార్లు తిరిగి వస్తుంది కాబట్టి నోరు తిరగని వాడికి కూడా పదో ఇంటికల్లా వచ్చేస్తుంది, ఇల్లాలి పేరు, ఇంటి సంగతి చేర్చి అప్పటికప్పుడు చరణం కట్టే సరదా ఉంటుంది, బాగా పాడితే గింజలు ఎక్కువ రాలుతాయి కాబట్టి నేర్చుకోవడానికి కారణమూ ఉంది. ఈ చట్రంలో ఇంగ్లిషు చరణాలు పోసినా పిల్లలు నేర్చుకునేవారు. అలా చేస్తే ఆ బడిని పల్లెటూరి బడి అంటారు కనుక ఎవరూ చేయరు.

ఈ బడులు తమ పద్ధతిని అంతర్జాతీయమని చెప్పుకుంటాయి కాబట్టి అంతర్జాతీయులు ఏం చెప్పారో చూడటం న్యాయం. బొమ్మలతో భాష నేర్పే పుస్తకాలకు ఆద్యుడిగా చెప్పుకునే కొమీనియస్ 1658లో న్యూరెంబర్గులో అచ్చు వేయించిన 'ఆర్బిస్ పిక్టస్' లాటిన్ నేర్పడానికి ఉద్దేశించినదే అయినా, అందులో బొమ్మతోపాటు లాటిన్ వాక్యానికి పక్కనే పిల్లవాడి సొంత భాష జర్మన్ వాక్యం ఉంటుంది. ఆ పెద్దమనిషి ఇప్పుడు మిర్యాలగూడ వచ్చి ఉద్యోగం అడిగితే, తరగతిలో మాతృభాష వాడినందుకు మొదటి వారంలోనే సర్ది పంపించేవారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ప్రతిపాదించిన పద్ధతిలో గురువు 'లే, నడువు, తలుపు తియ్యి' అని పరాయి భాషలో చెబుతూ చేసి చూపుతాడు, శిష్యుడు శరీరంతో బదులిస్తాడు, మాట్లాడమని అతన్ని ఎవరూ ఒత్తిడి చేయరు, ఎందుకంటే పసిపాప సైతం నెలల తరబడి విని, అర్థం చేసుకొని, ఆ తరువాతే నోరు తెరుస్తుంది. ఈ విని ఊరకుండే కాలాన్ని పరిశోధకులు మౌన దశ అంటారు. మౌన దశను ఫీజు కట్టిన తండ్రికి చూపించలేరు. కాబట్టి ఆటలో పిల్లవాడు మొదటి రోజే మాట్లాడాలి. అదీ తలెత్తి, కెమెరా వైపు చూసి.

ఒకవైపు ఆట, మరోవైపు శిక్ష ఒకే గదిలో ఎలా కాపురం చేస్తాయన్నది ఈ పద్ధతిలోని గొప్ప రహస్యం. తెలుగులో మాట్లాడితే జరిమానా, డైరీలో రాత, లీడరుగా నియమితుడైన పిల్లవాడి చేత తోటివాళ్ల మీద చాడీలు చెప్పించడం వంటివి చాలా బడుల్లో వినబడేవే. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడిన పిల్లల మెడల్లో, ఇక ఎన్నడూ తెలుగు మాట్లాడను అని రాసిన పలకలు వేలాడదీసిన ఉదంతం పత్రికలకెక్కి పెద్ద దుమారం లేపింది. ఆ తరువాత పలకలు పోయాయి, రైమ్స్ వచ్చాయి. ఆటలో ఓడిపోతే నవ్వుకొని మళ్లీ ఆడతారు. ఈ ఆటలో నోరు జారితే పది రూపాయలు కట్టాలి. తొక్కుడుబిళ్లలో గీత తొక్కినందుకు జరిమానా వేసినట్లయితే ఆ ఆట ఏనాడో అంతరించేది.

కథల విషయం ఇంకా దయనీయం. కథలు చెప్పవలసిన టీచరమ్మ సాధారణంగా ఇంటరో డిగ్రీయో చదివి, చాలీచాలని జీతానికి వచ్చిన ఆ ఊరి అమ్మాయే. ఆమె తెలుగు మీడియంలో చదివి ఉంటుంది, నాయనమ్మ దగ్గర కథలు విని ఉంటుంది, అవకాశమిస్తే తరగతినంతటినీ అరగంట కదలకుండా కూర్చోబెట్టగలదు. ఆమెను ఇందులో తప్పుపట్టడం అన్యాయం. ఆమెకున్న ఆ ఒక్క విద్యకు తాళం వేసి, స్మార్ట్ బోర్డు మీద నడిచే బొమ్మల కథను ఆన్ చేయించి పక్కన నిలబెడతారు. తెలుగు దేశంలో కథ వినేవాడు ఊ కొట్టాలి. ఊ ఆగితే చెప్పేవాడు ఆగి, పిల్లవాడు నిద్రపోయాడో, అర్థం కాలేదో కనుక్కుంటాడు. స్మార్ట్ బోర్డుకు ఆ బాధ లేదు. వినేవాళ్లకు ఒక్క ముక్క అందకపోయినా తోడేలు ఇల్లు ఊదేస్తుంది, కథ కంచికి చేరుతుంది, గంట మోగుతుంది.

ఇంత వైభవంగా ఆటపాటల ఇంగ్లిషు సాగుతుండగా, అవే పట్టణాల్లో అవే పిల్లలు ఏ ఫీజూ లేకుండా వేరే భాషలు నేర్చేసుకుంటున్నారన్న వార్త ఏ కరస్పాండెంటుకూ చేరినట్టు లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేయడానికి బీహారు నుంచి కూలీలు వస్తారు; మిల్లు పరిసరాల్లోని కిరాణా కొట్టు పిల్లవాడికి, చాయ్ హోటల్ పిల్లవాడికి వాళ్ల హిందీ ఎవరూ నేర్పలేదు, బేరం నేర్పింది. దామరచర్ల చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలు ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, బజారులో ఇంకొకటి మాట్లాడుతూ మూడు భాషల మధ్య గోలీలాడినంత తేలిగ్గా తిరుగుతారు. సూర్యాపేటలో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పక్కన పెరిగిన పిల్లలకు క్రికెట్టు తగాదా ఉర్దూలో పెట్టుకోవడం తెలుసు. హైదరాబాదులోనే తయారై 2008లో టీవీకెక్కిన ఛోటా భీమ్ ఎంతమంది తెలుగు పిల్లలకు హిందీ గురువైందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆటతో, కథతో భాష వస్తుందన్న సిద్ధాంతానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే ఈ పిల్లలకు ఆటలో ఏదో కావలసి ఉంటుంది: బంతి కావాలి, బాకీ కావాలి, భీముడు తరువాత ఏం చేశాడో కావాలి. ఎల్లో డే నాడు పసుపు గౌనులో నిలబడ్డ పిల్లకు కావలసింది గౌను విప్పేయడం ఒక్కటే. మూడు భాషలు వచ్చిన తండా పిల్లను ప్రవేశ పరీక్షలో 'జీరో ఇంగ్లిష్' అని రాసి వెనక బెంచీకి పంపే బడి, భాషా ప్రతిభను గుర్తించడంలో ఎంత ఘనమైనదో వేరే చెప్పనక్కర్లేదు.

తల్లిదండ్రుల ఇంగ్లిషు కోరికను వెక్కిరించడం ఇక్కడ ఉద్దేశం కాదు. హమాలీ పని చేసే తండ్రి తన కొడుకు ఇంగ్లిషు మాట్లాడాలనుకోవడంలో ఉన్న వివేకం, ఆ కోరికను తప్పుపట్టే మేధావి పిల్లలు చదివే బడిని చూస్తే తెలిసిపోతుంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో కూడా ఇంగ్లిషు మీడియం వచ్చింది ఆ కోరిక బలం వల్లనే. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పాలన్న 2020 జాతీయ విద్యావిధానాన్నీ, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటే ప్రధానమన్న 2022 పాఠ్యప్రణాళిక చట్రాన్నీ బడులు చాలా శ్రద్ధగా చదివినట్టే కనబడుతుంది. మొదటిదాన్ని పక్కనపెట్టి, రెండోదానిలోని 'ఆట' అన్న మాటను మాత్రం ఫ్లెక్సీ మీదికి ఎక్కించాయి. తెలుగును తప్పనిసరి చేసిన 2018 రాష్ట్ర చట్టానికి టైంటేబుల్‌లో ఒక పీరియడు దక్కింది, పరీక్షలు దగ్గరపడితే దానిలో లెక్కలు చెబుతారు. హమాలీ తండ్రి కొనుక్కున్నది ఇంగ్లిషు. అతనికి అందినది యాక్టివిటీ ఫీజు రసీదు, వాట్సాప్ ఫోటో.

స్థానిక సంస్కృతిని విస్మరిస్తున్నారన్న విమర్శకు ఈ బడులు ఇప్పటికే జవాబు సిద్ధం చేశాయి: బతుకమ్మ సెలబ్రేషన్స్. దసరా సెలవులకు ముందురోజు మైదానంలో షామియానా వేసి, అమ్మాయిలను పట్టు పరికిణీల్లో రప్పించి, తెచ్చిన బతుకమ్మలను నడుమ పేర్చి, చుట్టూ తిప్పుతారు. ఒకరు పాడితే అందరూ అందుకునే ఆట అది. పాడటం పిల్లల్లో ఎవరికీ రాదు, పాడితే తెలుగు అవుతుంది, కాబట్టి డీజే సెట్టు పాడుతుంది. ఏడో తరగతి అమ్మాయి మైకు ముందు నిలబడి బతుకమ్మ విశిష్టతను ఇంగ్లిషులో అప్పజెబుతుంది. కింద కూర్చున్న తల్లుల్లో సగంమందికి పాటలు ఒళ్లంతా వచ్చు, సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద గంటలకొద్దీ పాడగలరు, వాళ్లను పిలవాలన్న ఊహ ఎవరికీ రాదు. తరువాత సెలవుల హోం వర్కు ఇస్తారు: బతుకమ్మ గురించి ఇంగ్లిషులో పది వాక్యాలు రాసి, రంగు బొమ్మలు అంటించి తేవాలి. ఆ పది వాక్యాలూ, బొమ్మలూ బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో కలిపే దొరుకుతాయి.