రెండు రూపాయల అనుమానం

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మోటారు బోట్లన్నీ ఒడ్డునే. నెల్లూరు తీరంలో మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా మత్స్యకారుల పట్టపుపాళేల్లో ఓటరు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికాడు. ఇంత తీరిగ్గా దొరికినవాడికి ఓటు వజ్రాయుధమని చెప్పడానికి ఎన్నికల సంఘం వారి స్వీప్ అనే కార్యక్రమం 2009 నుంచీ ఉంది. ముగ్గుల పోటీలు, పరుగులు, ప్రతిజ్ఞలు. ఆ ఆయుధం దగ్గరికి ఏ కార్డు చూపిస్తే పోనిస్తారో అడగండి, 'పేపర్లో వేశాం గదా' అంటారు.

ఇంటికొచ్చిన ఓటరు స్లిప్పు చాలనుకుంటాడు మనవాడు. అదొక్కటే చెల్లదని ఎన్నికల సంఘం 2019లోనే తేల్చేసింది. పోనీ రేషన్ కార్డు? ఓటరు కార్డు లేనివాళ్ల కోసం చెప్పిన పన్నెండు పత్రాల్లో అది లేదు. ముంబయి దాడుల తర్వాత, సముద్రంలో మనవాడెవడో తెలియాలని మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులిచ్చారు. నడిసముద్రంలో పనికొచ్చే ఆ కార్డు పేరు కూడా ఆ పన్నెండులో కనపడదు. జాతీయ జనాభా రిజిస్టరు కింద తీరగ్రామాలకిచ్చిన స్మార్ట్ కార్డు మాత్రం ఉంది. అది చెల్లుతుందని చెప్పినవాడు లేడు గనక ఏ ట్రంకుపెట్టె అడుగునో పడి ఉంటుంది. అన్నట్టు, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల కార్డులు కూడా చెల్లుతాయి. సెంటర్‌కొక ఫ్లెక్సీలో నవ్వే మొహాన్ని పోల్చుకోలేకపోతే ఎట్లా, పాపం!

కార్డు ఉంటే ఓటున్నట్టేనన్న భ్రమ ఇంకోటి. జాబితాలో పేరు లేకపోతే కార్డు ఉత్త బొమ్మే. 2025లో బీహార్‌లో జాబితా ప్రత్యేక సవరణకు సంఘం అడిగిన పదకొండు పత్రాల్లో సంఘం చేత్తో ఇచ్చిన ఓటరు కార్డే లేదు. ఆధార్‌నైనా తీసుకోండని సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది.

మనిషిని పోల్చుకోవడం నేర్వాలంటే పోలింగుకు ముందురాత్రి పాళెంలో తిరిగే కుర్రాళ్ల దగ్గర నేర్వాలి. కరెంటు లేకపోయినా ఇల్లు తప్పరు. "అబ్బయ్యా, మీ ఇంట్లో నాలుగు గదా, పెద్దోడు చెన్నై నుంచి వచ్చినాడా?" అని ఓటుకింతని డబ్బు కవర్లు లెక్కపెట్టి మరీ ఇస్తారు. ఆధార్ అడగరు, పాన్ అడగరు. చచ్చిపోయినవాడి పేరు మీద కవరు అడిగితే మాత్రం నవ్వి వెళ్లిపోతారు. ఇంత శుద్ధమైన ఓటర్ల జాబితా ఏ కలెక్టరాఫీసులోనూ ఉండదు.

తెల్లారేసరికి ఆ కుర్రాళ్లలో ఒకడు బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటాడు. రాత్రి అవతలి పార్టీ కవరు కూడా తీసుకున్నావని తెలిసిందో, నువ్వెవరో వాడికి గుర్తురాదు. 1961 నాటి ఎన్నికల నియమాల ప్రకారం రెండు రూపాయలు కట్టి 'ఇతను ఇతను కాదు' అని అభ్యంతరం చెప్పొచ్చు. ఊరికే పెట్టిన పేచీ అని అధికారి తేలిస్తే ఆ డబ్బు తిరిగిరాదు. అభ్యర్థి ఎన్నికల ఖర్చు లెక్కల్లో ఆ రెండు రూపాయలు మాత్రం పైసాతో సహా చూపిస్తారు.