విశ్రాంతి కార్యదక్షుడు

పశ్చిమ జర్మనీలో జీగ్ నది ఒడ్డున ఉన్న జీగెన్ పట్టణంలో చదువుకొని, ఆ చుట్టుపక్కల యంత్ర పరిశ్రమల్లోనే ఉద్యోగంలో కుదురుకొన్న తెలుగువారిలో ఒక ప్రత్యేక వర్గం కనిపిస్తుంది. ఏడాదికొకసారి ఆల్ప్స్ పర్వతాల కిందనున్న ఏదో ఒక చిన్న ఊరిలో, ఖరీదైన హోటల్లో మూడు రాత్రులు సేదతీరాలని సంకల్పించి, ఆ సంకల్పాన్ని నెరవేర్చడానికి ఆఫీసులో కూడా పడనంత శ్రమ పడే ఈ వర్గీయుణ్ణి విశ్రాంతి కార్యదక్షుడు అనవచ్చు.

ఇతని పూర్వచరిత్ర తెలియనిదే ఇతని స్వభావం బోధపడదు. చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ 1577లో పుట్టిన ఈ ఊరు రోము నగరంలాగే ఏడు కొండల మీద వెలసిందని స్థానికులు చెప్పుకుంటారు. 1972లో ఏర్పడిన విశ్వవిద్యాలయం కూడా కొండ నెత్తినే ఉంది. ఏడు కొండలెక్కే తెలుగువాడు ముడుపు కట్టకుండా బయలుదేరడు గనుక, ఇతడు కూడా కట్టే వచ్చాడు. బ్లాక్డ్ అకౌంట్ అనే ఈ ముడుపులో విద్యార్థి తన ఏడాది ఖర్చును వీసాకు ముందే జర్మనీ ఖాతాలో జమచేయాలి, వచ్చాక నెలకు ఇంతని మాత్రమే తీసుకోవాలి. 2021లో ఆ మొత్తం 10,332 యూరోలు, అంటే నెలకు 861. అద్దె, ఆరోగ్య బీమా, బియ్యం, ఇంటికి చెప్పని ఇతర ఖర్చులు అన్నీ అందులోనే సర్దుకున్న రోజుల్లో, ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే దుకాణం చెల్లించే 25 సెంట్ల డిపాజిట్టు కూడా ఇతని బడ్జెట్లో ఒక పద్దుగా ఉండేది. తరువాత ఉద్యోగం వచ్చింది, చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి అయిన బ్లూ కార్డ్ వచ్చింది, మెత్తని సోఫా వచ్చింది. కాని పెట్టిన ప్రతి పైసా ఏదో ఒక రూపంలో వెనక్కి రావాలన్న పట్టుదల మాత్రం పోలేదు. విశ్రాంతికి పెట్టిన డబ్బు ఏ రూపంలో వెనక్కి వస్తుందన్నదే ఇతని జీవితంలో తేలని లెక్క.

విశ్రాంతి విషయంలో జర్మనీ చట్టం ఇతనికి కావలసినంత అండగా ఉంది. 1963 నాటి సమాఖ్య సెలవుల చట్టం ఉద్యోగికి ఏటా కనీసం నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది; సెలవు ఉద్దేశానికి విరుద్ధమైన సంపాదన పనులు ఆ రోజుల్లో చేయరాదంటుంది; సెలవులో జబ్బుపడి డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ రోజులను సెలవు కింద లెక్కించవద్దంటుంది. మూడింటిలో మన కార్యదక్షుడికి కంఠతా వచ్చినది చివరి నిబంధన ఒక్కటే. ఇంట్లోనే పడుకొని ఈ సెలవంతా గడిపేయవచ్చు గాని, సోమవారం కాఫీ మర దగ్గర జర్మన్ సహోద్యోగులు ఎక్కడికి వెళ్ళావని అడిగినప్పుడు గది పేరు కాక ఊరి పేరు చెప్పవలసి ఉంటుంది.

అందుకు ఎక్కువగా ఎంపికయ్యే ఊరు గార్మిష్-పార్టెన్‌కిర్షెన్. 1936 శీతాకాల ఒలింపిక్ క్రీడలకు ముందు రెండు ఊళ్ళను కలిపి ఒకటి చేయగా ఏర్పడిన ఈ బవేరియా పట్టణానికి జర్మనీలోకెల్లా ఎత్తయిన శిఖరం, 2,962 మీటర్ల త్సుగ్‌ష్పిట్జ, పెరటి కొండలా ఉంటుంది. జీగెన్ నుంచి అక్కడికి వేగవంతమైన రైళ్ళున్నా ఇతడు వాటినెక్కడు. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలై 2025లో 58కి చేరిన డాయ్‌చ్‌లాండ్ టికెట్, అంటే దేశంలోని ప్రాంతీయ రైళ్ళన్నిటిలో నెలంతా తిరగనిచ్చే పాసు, జేబులో ఉండగా వేరే టికెట్ కొనడం ఇతని దృష్టిలో దుబారా. కనుక హోటల్‌కు రాత్రికి వందల యూరోలు ముందే కట్టిన మనిషి, తెల్లవారుజామున బయలుదేరి, గీసెన్, ఫ్రాంక్‌ఫర్ట్, వ్యూర్ట్స్‌బుర్గ్, న్యూర్న్‌బెర్గ్, మ్యూనిక్ స్టేషన్లలో సూట్‌కేసులు దింపుతూ ఎక్కిస్తూ, ఒళ్ళో పులిహోర డబ్బాతో పయనిస్తాడు. దారిలో ఇతన్ని వేధించేది నడుము నొప్పి కాదు. గది మధ్యాహ్నం 3 గంటలకు చేతికొస్తుంది. ఆ తరువాత రైలు ఆలస్యమైన ప్రతి నిమిషం ఇతని లెక్కలో కట్టిన అద్దెలోంచి కారిపోతున్న సొమ్మే.

సూట్‌కేసులో చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, నెయ్యి, ఆవకాయ ఉంటాయి. పోపు సామాను ఉండదు, ఎందుకంటే జర్మనీ గదుల పైకప్పుకు బిగించిన పొగ అలారంతో ఇతనికి విద్యార్థి దశలోనే, రాత్రి పదకొండు గంటలకు, అగ్నిమాపక దళం సమక్షంలో పరిచయమైంది.

అల్పాహారం 7 నుంచి 10.30 దాకా అని బోర్డు ఉంటే, జర్మన్ అతిథి తొమ్మిదిన్నరకు నిద్రకళ్ళతో దిగివస్తాడు. మన కార్యదక్షుడు ఏడింటికి తలుపు తీసేవేళకు ఎదురుగా నిలబడి, ఒక విడత ముగించి, గదికి వెళ్ళి, పదింబావుకు రెండో విడతకు వస్తాడు. రెండు హాజరుల మధ్య భార్యను నిద్రలేపడానికి ఇతడు చేసే ప్రయత్నాలు కరుణరసభరితం. హాల్బ్‌పెన్జియోన్, అంటే ఉదయపు, రాత్రి భోజనాలు అద్దెలోనే చేరిన ఏర్పాటు ఇతనికి ఎంతో ఇష్టం. కాని అందులో సాధారణంగా పానీయాలు చేరవనీ, మంచినీళ్ళు సైతం బిల్లుకెక్కుతాయనీ తెలిసిన క్షణం నుంచి, ఐదు వంటకాల విందును గొంతు తడుపుకోకుండా ముగించే విద్యను అభ్యసిస్తాడు. శాకాహారమైతే చీజ్‌తో కలిపిన కేస్‌ష్పెట్స్‌ల అనే పిండి ముద్దలు వస్తాయి. వాటి మీద, వడ్డించేవాడు అటు తిరగగానే, టిష్యూ కాగితంలో చుట్టిన చిన్న సీసాలోంచి ఆవకాయ ఊట రెండు చుక్కలు పడుతుంది. ఆ రెండు చుక్కలతో బవేరియా వంటకం ఒక్కసారిగా మనిషి తినేదవుతుందని చెప్పక తప్పదు.

ఇతని దీక్షకు అసలు పరీక్ష సౌనాలో. 90 డిగ్రీల దాకా వేడెక్కించిన ఈ కర్రల గదిలో కాలిన రాళ్ళ మీద పరిమళం కలిపిన నీళ్ళు పోసి, లేచిన ఆవిరిని తువ్వాలుతో విసరడాన్ని ఔఫ్‌గుస్ అంటారు. మే నెల రెంటచింతల ఎండను తప్పించుకొని వచ్చినవాడు ఆ ఎండను డబ్బిచ్చి కొనుక్కోవడంలోని వింత ఇతనికి తట్టదు, ఎందుకంటే అంతకన్నా పెద్ద చిక్కు గుమ్మం దగ్గరే ఎదురవుతుంది: అక్కడి ఆచారం ప్రకారం స్త్రీపురుషులు కలిసే, ఒంటిమీద నూలుపోగు లేకుండా, కింద తువ్వాలు పరచుకొని కూర్చోవాలి. అద్దెలో సౌనా కూడా చేరింది గనుక మానుకోవడం నష్టం, వెళ్ళడం అప్రతిష్ఠ. మూడు రోజులపాటు జనం ఉండని వేళలను గమనించి, పట్టిక గీసి, చివరకు మిట్టమధ్యాహ్నం ఖాళీ గదిలోకి ప్రవేశించి, నాలుగు నిమిషాలు కూర్చొని, విజయవంతంగా బయటపడతాడు.

అక్కడి నుంచి తెల్లని స్నానపు అంగీలో రూయెరాఉమ్‌కు, అంటే సౌనా తరువాత మాట్లాడకుండా పడుకొనే నిశ్శబ్దపు గదికి, చేరుతాడు. ఎదుటి పడకలో అదే తెల్లని అంగీలో ఇంకొక నల్లని మీసం. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు చాలాసేపు చూసుకుంటారు.

“తెలుగా అండీ?”

“అవునండీ. ఎక్కడ?”

“జీగెన్. మీరు?”

“ష్టుట్‌గార్ట్. సొంతూరు కరీంనగర్.”

“మా మేనత్త వాళ్ళది జమ్మికుంటేనండీ!”

ఇక ఆపేవారుండరు. బ్లూ కార్డ్ ఉన్నవాడికి శాశ్వత నివాసం జర్మన్ భాష బీ1 స్థాయిలో వస్తే 21 నెలలకు, ఏ1తో సరిపెడితే 27 నెలలకు అన్న నిబంధన, ఇంటి లోను వడ్డీ, సోనా మసూరి ఎక్కడ చవక, పిల్లలకు తెలుగు రావడం లేదన్న బెంగ వరుసగా వస్తాయి. పక్క పడకలోని వృద్ధురాలు మొదట దగ్గుతుంది, తరువాత గోడమీది వేలు-పెదవుల బొమ్మ చూపిస్తుంది, ఆ తరువాత లేచిపోతుంది. బయలుదేరింది మొదలు ఇతని భుజాలు కిందికి దిగిందీ, చేయి గడియారం వైపు పోనిదీ ఆ గంటన్నరలోనే. దానికి బిల్లు లేదు గనుక ఇతడు దాన్ని విశ్రాంతి ఖాతాలో రాసుకోడు.

సాయంత్రానికి రెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపు పుడుతుంది. వచ్చే ఏడాది నాలుగు కుటుంబాలు కలిసి, ఆస్ట్రియా వైపు, పెద్ద వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే తలకు సగం కూడా పడదని, కుక్కరు, మిక్సీ కూడా తీసుకెళ్ళవచ్చని ఇతడు ఉత్సాహంగా చదివి వినిపిస్తాడు. మూడు రోజులుగా ఒక్క గిన్నె ముట్టకుండా, రెండో విడత అల్పాహారానికి కూడా లేవకుండా నిద్రపోయిన ఇల్లాలు వంటగది అన్న మాట దగ్గర కళ్ళు తెరుస్తుంది.

“మీరంతా వెళ్ళి వండుకోండి. నేను మళ్ళీ ఇక్కడికే వస్తాను.”