మందుకు పర్మిటుంది, మానినందుకు లేదు

సూరత్ లింబాయత్ మగ్గాల చప్పుడులో పెరిగి లా డిగ్రీ చేతబట్టిన బిడ్డా! నల్లకోటు కుట్టించుకునే ముందు నీ చిట్టా ఒకసారి చూద్దాం. తాగావు. పట్టుబడ్డావు. కోర్టు దోషివని తేల్చింది. ఆ తర్వాత మానేశావు. మొదటి మూడింటికీ సర్కారు దగ్గర కాగితాలు భద్రంగా ఉన్నాయి. నాలుగోదాన్ని రాసుకునే రిజిస్టరే లేదు.

అసలు నీ నేరం తాగడం కాదు, తొందరపడటం. గుజరాత్ 1960లో పుడుతూనే 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని వెంట తెచ్చుకుంది. అయితే ఆ నిషేధానికి దొడ్డిదారి ఉంది. నలభై నిండాక ఒంట్లో బాగోలేదని వైద్యుల బోర్డు చేత రాయించుకుంటే హెల్త్ పర్మిట్ ఇస్తారు. వయసు పెరిగేకొద్దీ నెలవారీ కోటా కూడా పెరుగుతుంది. పాతికేళ్లు నిండకుండానే దాహం వేయడం నీ తప్పు కాదూ? పోనీ, గాంధీనగర్ గిఫ్ట్ సిటీలో కొలువైనా చూసుకోవాల్సింది. 2023 డిసెంబరులో సర్కారు అక్కడి ఉద్యోగులకు గ్లాసెత్తే వీలిచ్చింది. ఇటు డామన్ పొలిమేర దాటితే నిషేధమే లేదు.

ఇక 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వ్యసనంతో ముడిపడిన మానసిక స్థితులను అనారోగ్యంలోనే చేర్చింది. అంటే అదే సీసా పర్మిటు చేతిలో ఔషధం, గిఫ్ట్ సిటీలో పెట్టుబడులకు ఆకర్షణ, డామన్‌లో విహారం, వైద్యుడి దగ్గర రోగం, సూరత్ పోలీసు చేతిలో నేరం. ఇన్ని అవతారాల్లో చివరిదే నీకు ప్రత్యక్షమైంది. అదృష్టం చాలక!

ఇప్పుడు వకీళ్ల గడప దగ్గరికి రా. 1961 అడ్వకేట్స్ చట్టం 24ఏ సెక్షన్ ప్రకారం నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్షపడితే నమోదు కుదరదు. ఏది నైతిక పతనమో ఆ చట్టం చెప్పదు. నీ గ్లాసులో నైతికత ఏ మట్టానికి పడిపోయిందో కొలిచేది దరఖాస్తు చూసే బార్ కౌన్సిల్ పెద్దలే.

విడుదలై రెండేళ్లు గడిస్తే ఆ అనర్హత తొలగిపోతుంది. ఆ రెండేళ్లూ ఎలా గడిపావని మాత్రం సెక్షన్ అడగదు. వారం వారం డామన్ బండెక్కినా రెండేళ్లే. చుక్క ముట్టకుండా, సాయంత్రాలు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల్లో కూర్చుని, వణికే చేతుల్ని దారికి తెచ్చుకున్నా రెండేళ్లే. చట్టానికి క్యాలెండరు మీదున్న నమ్మకం మనిషి మీద లేదు.

దాచుకుందామంటావా? 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లా విద్యార్థులంతా తమ మీదున్న కేసులు, శిక్షలు బయటపెట్టాలంది. దాస్తే మార్కుల జాబితా, డిగ్రీ ఆగిపోతాయంది. నిజం చెప్పమనడం న్యాయమే. కక్షిదారు తన ఇల్లూ పొలమూ వకీలు చేతిలో పెడతాడు. కానీ పడిన సంగతి చెప్పమనేవాళ్లు లేచిన సంగతి కూడా వినాలి కదా!

గడప లోపలి ముచ్చట ఇంకా రుచిగా ఉంటుంది. శిక్షపడ్డవాడు కొత్తగా చేరకూడదని రాసిన ఆ సెక్షన్, చేరాక శిక్షపడితే ఏంచేయాలో రాయలేదు. 2016లో మహిపాల్ సింగ్ రాణా కేసులో సుప్రీంకోర్టు కల్పించుకుని, లోపలున్నవాళ్లకూ అదే కొలత వర్తిస్తుందని చెప్పాల్సి వచ్చింది. చెప్పించుకునేదాకా నాలుగు దశాబ్దాలకు పైగా వాకిలికే కాపలా, నట్టింటికి లేదు.

మనవాళ్లు వేలల్లో స్థిరపడిన టెక్సాస్‌లో వ్యసనం నుంచి కోలుకుంటున్నవాళ్లకు వకీలుగా పనిచేయడానికి షరతులతో ప్రొబేషనరీ లైసెన్సు ఇస్తారు. పని చేసుకోనిస్తూనే ఓ కన్నేసి ఉంచుతారు. మాట తప్పితే లైసెన్సు పోతుంది. అది జాలి కాదు, కక్షిదారుకు రక్షణ.

కాబట్టి పెద్దలారా, మీ దరఖాస్తులో ఒక్క గడి పెంచండి: మానేసి ఎన్నాళ్లయింది, సాక్ష్యం ఏమిటి? అబద్ధమని తేలితే నిర్దాక్షిణ్యంగా గెంటేయండి. అదే ప్రశ్న ఇప్పటికే నల్లకోటు తొడుక్కున్నవాళ్లనూ అడగాల్సి వస్తుందని జంకుతున్నారా? అయితే ఆ మాటే రాసి నోటీసు బోర్డుకు అతికించండి. నైతిక పతనమంటే ఏమిటో అప్పుడైనా అందరికీ తెలుస్తుంది.