గానుగ రాయిని, హుస్నాబాద్ దాన్ని

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మా వైపు గుట్టల్లో గ్రానైటుకు కొదవ లేదు. ఒడ్డెర పనివాళ్లు ఒక బండను చీల్చి, గుండ్రంగా చెక్కి, నడుమ బెజ్జం కొట్టారు. నేలలో వలయంగా తవ్వి రాళ్లు పరిచిన గాడిలో నన్ను నిలబెట్టి, బెజ్జంలో దుంగ దూర్చి ఎద్దులను కట్టారు. డంగు సున్నం నూరే గానుగ రాయిని నేను.

నా పని గురించి అడిగితే మాత్రం ఎంతసేపైనా చెబుతాను. బట్టీలో కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి పిండిగా విచ్చుకునేది. దాన్ని ఇసుకతో కలిపి నా కింద వేసేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయలు నానబెట్టిన నీళ్లు పోసేవారు. గోడ నున్నగా తేలాలంటే పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన కూడా పడేది. ముసలి మేస్త్రీ వచ్చి చిటికెడు తీసుకుని వేళ్ల నడుమ రుద్ది చూసేవాడు. "గరుకు పోలేదు బిడ్డా, ఇంకింత తిప్పు" అంటే ఎద్దులు మళ్లీ కదిలేవి. ఆయన సరేనన్నదాకా నాకు విడుపు లేదు. అట్లా నూరిన సున్నం గోడకెక్కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ, ఏళ్ల మీద మళ్లీ రాయి అవుతుంది. 1591లో కట్టిన చార్మినార్ ఇట్లాంటి సున్నం మీదే నిలబడి ఉంది.

నేను నూరిన సున్నంతో హుస్నాబాద్‌లో భవంతి ఇళ్లు లేచాయి. వీధి నుంచి చూస్తే మందపాటి గోడ, టేకు దర్వాజ, అంతే. దర్వాజ దాటి లోపలికి పోతే నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న భవంతి, చుట్టూ స్తంభాల వసారా, వెనక అర్రలు. వాన పడితే నాలుగు వైపుల గూనపెంకల మీది నీళ్లు భవంతిలోకి దూకేవి. ఇంటివాళ్లు ధార కింద గంగాళాలు పెట్టి పట్టుకునేవారు. ఎండాకాలం రాత్రి చల్లగాలి బరువుగా భవంతిలోకి దిగి, పొద్దున చాలాసేపటిదాకా అర్రల్లో నిలిచేది. ఎల్లమ్మ జాతర దగ్గరికొస్తే గోడలకు కొత్తగా సున్నం పడేది. బయటి సందడి ఆ గోడలు దాటి లోపలికి వచ్చేది కాదు.

తర్వాత మంచిర్యాలలో, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టారు. బస్తా విప్పి, నీళ్లు కలిపి, ఆ పూటే గోడ లేపవచ్చు. ఇక ఎద్దులను కట్టి నన్ను తిప్పే ఓపిక ఎవరికుంటుంది? ఒకరోజు విప్పిన ఎద్దులను మళ్లీ కట్టలేదు. రేపు కడతారనుకున్నాను. నా గాడిలో మొదట చెత్త పడింది, తర్వాత మొరం పడింది, తర్వాత దాని మీద ఒక కొట్టు లేచింది. నన్ను పక్కకు దొర్లించారు. నా బెజ్జంలో పలుపు దూర్చి బర్రెను కట్టేశారు. బర్రె మీద నాకు కోపం లేదు, కొన్నేళ్లు నన్ను ఆనుకుని పడుకున్న ప్రాణి అదొక్కటే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మోరీ పక్కకు నెట్టారు. సగం దాకా బురదలో కూరుకుపోయాను. 2016లో హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా విడిచి సిద్దిపేట జిల్లాలో కలిసినప్పుడు కూడా నేను ఆ మోరీ పక్కనే ఉన్నాను.

అక్కడి నుంచే చూశాను, నా సున్నంతో కట్టిన ఇల్లు కూలడం. జేసీబీ కొట్టిన ప్రతిసారీ గోడ ముక్కలు కాకుండా పెద్ద పెద్ద పలకలుగా ఊడింది. విడిపోవడానికి ఆ సున్నం ఒప్పుకోలేదు. నా బతుకులో అంత గర్వం, అంత దుఃఖం ఒక్కసారే కలిగినది అప్పుడే. టేకు స్తంభాలు, దర్వాజ, గూనపెంకలు బేరానికి పోయాయి. కొనడానికి వచ్చినవాళ్లు నన్నూ చూశారు. బురద కడిగి, వాటితో పాటే లారీ ఎక్కించారు.

ఇప్పుడు హైదరాబాద్ పొలిమేరలో, మొరాకో తరహాలో కట్టిన ఒక విల్లా హోటల్లో ఉన్నాను. నీళ్ల తొట్టి పక్కన, దీపాల వెలుగులో అలంకారంగా నిలబెట్టారు. వారాంతంలో అతిథులు వస్తారు. అలసిపోయి వస్తారు, ఆ అలసట నిజం. ఫోను పక్కన పెట్టి, నీళ్ల చప్పుడు వింటూ కూర్చుంటే వాళ్ల ముఖాలు తేటపడతాయి. అది చూస్తే నాకూ హాయిగా ఉంటుంది. మొరాకోలోని మరాకేష్ ఇళ్ల గురించి వాళ్లకు చెప్పే మాటలు విని నేనూ నేర్చుకున్నాను. అక్కడి రియాద్ ఇల్లు కూడా వీధికి గోడే చూపిస్తుందట. నడుమ తోట, నీళ్లు, పైన ఆకాశం. వాళ్ల తాదలక్త్ గోడ కూడా సున్నమే. నున్నటి రాయితో రుద్ది మెరుగుపెట్టి, ఆలివ్ నూనె సబ్బు పట్టిస్తే, సబ్బూ సున్నమూ కలిసి నీటిని లోపలికి రానివ్వవు. అందుకే స్నానశాలలకు అదే పూత. అంత దూరాన నా పని తెలిసినవాళ్లు ఉన్నారని విన్ననాడు కలిగిన సంతోషం చెప్పలేను.

కానీ ఈ విల్లా గోడలు సిమెంటువి, పైన రంగు మాత్రం తాదలక్త్‌లా కనిపించేది. నడిమి ఆకాశానికి అద్దం బిగించి ఏసీ పెట్టారు, వాన లోపలికి రాదు. మొరాకోలోని ఫెజ్ పట్నం పనివాళ్లు పలకలను ఉలితో ముక్కముక్కగా చెక్కి అతికే జెల్లిజ్, ఇక్కడ అచ్చు వేసిన టైలు. హైదరాబాద్ బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద 1611 నాటి రంగు పలకల పని ఉంది. అది ఇక్కడికి ఎంతో దూరం లేదు, ఈ అతిథుల్లో దాని మాట ఎత్తినవాళ్లు ఇంతవరకు లేరు.

మరాకేష్ పాతపట్నాన్ని 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పాడుబడ్డ రియాద్‌లు ఎన్నింటినో బాగు చేయించి అతిథి గృహాలుగా మార్చారు. మన దగ్గర ఆ భాగ్యం రాజసౌధాలకు దక్కింది, ఫలక్‌నుమా 2010లో హోటలైంది. మా ఊరి భవంతి ఇళ్లను అడిగేవాళ్లు లేరు. వాటి స్తంభాలనూ నన్నూ ఊరు దాటించి, ఇక్కడ రియాద్ నకలు కట్టి, ఒక రాత్రికి ఇంతని తీసుకుంటున్నారు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

హుస్నాబాద్‌లోనో, కోహెడలోనో, మీ పాత భవంతి ఇల్లు ఇంకా నిలిచి ఉంటే నా మాట వినండి. గోడ పెచ్చులూడితే సిమెంటు పూయకండి. అది తేమను లోపలే బంధించి పాత సున్నాన్ని తినేస్తుంది. సున్నపు గోడకు సున్నంతోనే మరమ్మతు చేయించండి. కుతుబ్‌షాహీ సమాధులను బాగు చేసినప్పుడు పనివాళ్లు సున్నంతోనే పూశారు, ఆ చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్లను పిలవండి. నూరడానికి రాయి కావాలంటే నన్ను అడిగి తెచ్చుకోండి. నేను అరగలేదు, ఒక గాడి తవ్వితే ఇంకా తిరుగుతాను.